అడవిలో పట్టిందా? ఇంట్లో పుట్టిందా?



వార్షిక సంచికలో సాలెపురుగు మీద వ్యాసమా, రాయలసీమలో ఇంతకన్నా పెద్ద సమస్యలు లేవా అని పేజీ తిప్పబోయే మిత్రులు ఒక్క నిమిషం ఆగవలసిందిగా మనవి. నీళ్ల సమస్య ఉంది, ఉద్యోగాల సమస్య ఉంది, కాదనను. వాటి మీద నాకంటే బాగా రాయగలవాళ్లు మన కాలేజీలోనే పదిమంది ఉన్నారు. నేను చెప్పబోయేది మన పెరటి అడవిలో ఉండి, మనకు తెలియకుండానే సముద్రాలు దాటిపోయిన ఒక సొత్తు సంగతి. దాని మీద నాకొక అభిప్రాయం ఉంది. అది మీకు నచ్చకపోతే క్యాంటీన్లో కూర్చుని తిట్టండి, టీ ఖర్చు నాది.

మాది నంద్యాల. మా పెద్దనాయన కొడుకు అమెరికాలో ఉద్యోగం చేస్తున్నాడు. పోయిన సంక్రాంతికి ఒక రాత్రిపూట వీడియో కాల్ చేసినాడు. తన ఆఫీసులో పనిచేసే ఒక తెల్లాయన ఇంటికి భోజనానికి పోయినాడంట. ఆ ఇంట్లో ముందుగదిలోనే వరుసగా గాజుపెట్టెలు. ఒక పెట్టె ముందు ఫోను పెట్టి, "రేయ్, ఇది చూడు. ఈయన దీని పేరు గూటీ సఫైర్ అంటున్నాడు. గూటీ అంటే యాడో ఆఫ్రికాలో ఉంటాదేమో అనుకున్న్యా. కాదంట, మన గుత్తి అంట రా!" అన్నాడు.

చూస్తే అరచేయంత సాలీడు. ఒళ్లంతా నీలం. నెమలి మెడ మీద ఎండ పడితే ఎట్లుంటుందో ఆ నీలం. కాళ్ల మీద పసుపు మచ్చలు, వీపు మీద తెల్లటి చారలు. ఎవరో తీరుబడిగా కూర్చుని రంగులు వేసినట్టుంది. నేను బి.ఎస్సీ.లో జువాలజీ చదువుతున్నవాణ్ణి. పుట్టి పెరిగింది నల్లమల పక్కన. అయినా ఆ జీవిని చూడడం అదే మొదటిసారి. ఆ తెల్లాయన మా అన్నను అడిగినాడు: "మీరు ఆ ప్రాంతం వాళ్లే గదా, అడవిలో ఎన్నిసార్లు చూసినారు?" మా అన్న నా ముఖం చూసినాడు. నేను గోడ మీది క్యాలెండరు చూసినాను.

తరువాత ఆయన కొంచెం గర్వంగా ఒక మాట చెప్పినాడు. "ఇది అడవి నుంచి పట్టుకొచ్చింది కాదు. నా స్నేహితుని ఇంట్లో పుట్టింది. నేనూ కొన్ని పిల్లలు తీసి, నాలాంటి సరదా ఉన్నవాళ్లకు ఇచ్చినాను."

ఆ మాట నన్ను వదలలేదు. అడవిలో పట్టింది వేరు, ఇంట్లో పుట్టింది వేరు. ఈ తేడా నిజమైన తేడాయేనా? లేక దొంగసొత్తుకు వేసిన సున్నమా? ఈ వ్యాసం అంతా ఆ ఒక్క ప్రశ్న గురించే.

ముందు ఆ జీవి పూర్వోత్తరాలు చెప్పుకోవాలి. శాస్త్రంలో దాని పేరు పీసిలోథీరియా మెటాలికా. లండన్ బ్రిటిష్ మ్యూజియంలో పనిచేసిన రెజినాల్డ్ పోకాక్ అనే శాస్త్రజ్ఞుడు 1899లో దాన్ని మొదటిసారి వర్ణించి పేరు పెట్టినాడు. ఆయనకు అందిన నమూనా ఒకే ఒక్క ఆడ సాలీడు. దొరికిన చోటు గుత్తి. గుత్తి మనకు తెలియని ఊరు కాదు. కోట, బండరాళ్లు, రైల్వే జంక్షను, మండే ఎండ. చెట్టు తొర్రల్లో కాపురముండే ఈ సాలీడుకు అది తగిన చోటు కాదు. అది గుత్తిలో రైల్వే కలప మధ్య దొరికిందని చెబుతారు. 1880లలో నల్లమల గుండా మన రైలుమార్గం వేసినారు. నంద్యాల నుంచి గిద్దలూరు వైపు పోతే బొగద దగ్గర కొండను తొలిచిన సొరంగం ఆ కాలం నాటిదే. అడవి కలప రైలెక్కినప్పుడు ఏ దుంగ తొర్రలోనో ఈ సాలీడు కూడా టికెట్టు లేకుండా గుత్తికి చేరివుంటుందని శాస్త్రజ్ఞుల ఊహ. పేరు మాత్రం గుత్తికే దక్కింది.

ఆ తరువాత నూరేళ్ల పైచిలుకు దాని జాడ లేదు. ఉందో, అంతరించిందో చెప్పగలిగినవారు లేరు. 2001లో మళ్లీ కనబడింది. ఎక్కడ? నంద్యాలకూ గిద్దలూరుకూ మధ్య అడవిలో. గిద్దలూరు 1970 దాకా మన కర్నూలు జిల్లాలోదే. 2008లో అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంస్థ, అంటే ఐ.యు.సి.ఎన్., ఈ సాలీడును అత్యంత ప్రమాదంలో ఉన్న జీవుల పట్టికలో చేర్చింది. అప్పటికి తెలిసిన దాని సామ్రాజ్యమంతా వంద చదరపు కిలోమీటర్ల కన్నా తక్కువ. అంటే పది కిలోమీటర్ల పొడవు, పది కిలోమీటర్ల వెడల్పు కూడా లేదన్నమాట. అది కూడా కట్టెలు కొట్టి, నరికి చెదిరిపోయిన అడవి. తరువాతి కాలంలో మరికొన్ని చోట్ల కూడా కనిపించిందని వార్తలు వచ్చినాయి. మంచిదే. కాని దాని బతుకు ఇరుకు బతుకే.

ఇరుకు అని అడవి గురించి చెబుతున్నాను. గాజుపెట్టెల్లో మాత్రం దానికి ఏ ఇరుకూ లేదు. 2001లో మళ్లీ కనబడిన తరువాత కొద్ది యేళ్లకే ఐరోపాలో, అమెరికాలో సాలీళ్లను సరదాకు పెంచేవాళ్ల ఇళ్లకు అది చేరిపోయింది. ఆ మొదటి జతలు ఎవరి అనుమతితో పోలేదు, దొంగచాటుగా పోయినవేనని ఆ సరదా ఉన్నవాళ్లే ఒప్పుకుంటారు. నీలం రంగే దాని పాలిట శత్రువైంది. ఆ నీలంలో రంగు పదార్థమే లేదట. వెంట్రుకల లోపలి అతి సూక్ష్మమైన నిర్మాణం వెలుతురును విరిచి మన కంటికి నీలంగా చూపిస్తుంది. నెమలి ఈక సంగతీ అంతే. మొదట్లో ఒక్కో సాలీడు వందల డాలర్లు పలికింది. నల్లమలలో దొరికేదానికి అమెరికాలో అంత ధర ఉందని తెలిస్తే ఏమి జరుగుతుందో కడప జిల్లావాళ్లకు నేను చెప్పనక్కరలేదు. ఎర్రచందనం చూసినవాళ్లు మీరు.

ఇప్పుడు నా అభిప్రాయం తిన్నగా చెబుతాను. అడవిలో పట్టిన జీవిని కొనడం కంటే, సాటి సరదాదారు ఇంట్లో పుట్టిన పిల్లను తెచ్చుకోవడం ఎంతో మేలు. ఇందులో నాకు సందేహం లేదు. కాని ఆ మేలుకు మూడు షరతులున్నాయి. ఆ షరతులు మరచినవాడు ఇంట్లో పుట్టిందని చెప్పుకుని తప్పించుకోవడానికి వీల్లేదు.

మేలు ఎందుకో ముందు చెబుతాను. మా జేజి ఇంటి ముందర ఒక ముద్దగులాబి ఉండేది. వీధిలో ఏ ఇంట్లో చూసినా అదే గులాబి. అన్నీ మా జేజి కొమ్మ తుంచి ఇచ్చిన అంట్లే. ఇచ్చినకొద్దీ ఆమె చెట్టు గుబురైందే గాని తరగలేదు. ఇంకొంచెం ముందుకు పోతే, మనీప్లాంటు అడిగి తెచ్చుకుంటే కలిసిరాదు, దొంగతనంగా తుంచితేనే కలిసొస్తుందని మనవాళ్ల నమ్మకం. ఆ దొంగతనంతో కూడా పక్కింటి తీగకు నష్టం లేదు. వారంలో మళ్లీ చిగురు వేస్తుంది.

సముద్రపు పగడాలను గాజుతొట్టెల్లో పెంచే దేశాల్లో ఇదే పద్ధతి నడుస్తోంది. పగడం చూడడానికి రాయిలా ఉన్నా అది జీవుల కాలనీ. బాగా పెరిగిన పగడంలో ఒక చిన్న కొమ్మ విరిచి, రాతిముక్కకు అతికించి, ఉప్పునీళ్ల తొట్టెలో ఉంచితే కొన్ని నెలల్లో అది సొంతంగా పెరుగుతుంది. ఆ ముక్కను స్నేహితునికి ఇస్తారు, బదులుగా అతని దగ్గరున్న వేరే రకం తెచ్చుకుంటారు. అట్లా ఇళ్ల మధ్య తిరిగే పగడం కోసం సముద్రంలో ఉలి పట్టుకుని దిగే పని లేదు. మన దేశంలో ఆ సరదా కుదరదు. మన్నార్ సింధుశాఖలో, లక్షద్వీపాల్లో, అండమాన్లలో ఉన్న పగడపు దిబ్బలకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద పులితో సమానమైన రక్షణ ఉంది. కొన్నా నేరమే, అమ్మినా నేరమే. అయినా ఆ అంటుకట్టే పద్ధతిలోని నీతి మనకు పనికొస్తుంది.

మన సాలీడు విషయానికి వద్దాం. ఒక తల్లి గుడ్లసంచిలో వందకు అటూ ఇటూగా పిల్లలు ఉంటాయి. ఇంట్లో పెంచేవాడు ఒక్కొక్క పిల్లను ఒక్కొక్క బుల్లి డబ్బాలో పెట్టి, చిన్న చిన్న పురుగులు మేపి, కుబుసం విడిచినప్పుడల్లా పెద్ద డబ్బాకు మారుస్తాడు. అందులో సగం బతికినా యాభై మంది సరదా తీరుతుంది. ఆ యాభై మందీ అడవి వైపు చూడనక్కరలేదు. పిల్లలు పెరిగినకొద్దీ ధర పడిపోయింది. ధర పడితే దొంగ లాభం పడుతుంది. పది వేల మైళ్లు దాటించి, పట్టుబడే ప్రమాదం నెత్తిన పెట్టుకుని తెచ్చేవాడికి కిట్టుబాటు కావాలి గదా!

అడవిలో పట్టే పద్ధతి చూడండి. చెట్టు తొర్రలో దాక్కున్నదాన్ని తీయాలంటే తొర్ర పగలగొట్టాలి, బెరడు ఊడబెరకాలి. పోయేది ఒక సాలీడే అనుకోవద్దు. ఆ ఇల్లు కూడా పోతుంది. నల్లమలలో తొర్రపడే వయసు వచ్చిన చెట్లు ఎన్ని మిగిలినాయి? పైగా కొనేవాడు అడిగేది పెద్ద ఆడ సాలీడును. అదేమో పదేళ్లకు పైగా బతికి, ఎన్నో కాన్పులు చూడవలసిన తల్లి. మగదాని ఆయుష్షు రెండు మూడేళ్లు, మహా అయితే నాలుగు. తల్లులను ఏరుకుపోతే మిగిలేదేమిటో లెక్క కట్టడానికి కంప్యూటరు అక్కరలేదు. దారిలో చచ్చేవాటి లెక్క వేరే.

కాబట్టి ఇంట్లో పుట్టినదానికే నా ఓటు. ఇక షరతులు.

మొదటి షరతు, నిజంగా ఇంట్లో పుట్టి ఉండాలి. మాటకేమి, ఎవరైనా చెప్పవచ్చు. మా డిపార్టుమెంటులో ఈ విషయం మీద మూడు రోజులు వాదన జరిగింది. కడప నుంచి వచ్చే మా మిత్రుడొకడు అన్నాడు: "పట్టా భూమిలో పెంచిన ఎర్రచందనం దుంగనూ, లంకమలలో నరికిన దుంగనూ పక్కపక్కన పెట్టు సామీ, ఏది యాడిదో చెప్పు చూద్దాం." వాడి మాటలో పస ఉంది. ప్రపంచంలో మన కొండల్లో తప్ప సహజంగా పెద్దగా పెరగని చెట్టు అది. 1995 నుంచి సైటీస్ ఒప్పందపు పట్టికలో ఉంది. సైటీస్ అంటే అరుదైన జీవుల, చెట్ల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపుచేసే ఒప్పందం. రైతు పొలంలో పెంచుకునే దారి ఉన్నా, ఆ దారిలోనే దొంగ దుంగ కలిసిపోతుందన్న భయంతో సక్రమంగా పెంచిన రైతు కూడా కాగితాల చుట్టూ తిరగవలసి వస్తుంది. దొంగ చేసిన పనికి దొర కూడా అనుమానితుడవుతాడు.

గాజుపెట్టెల సరదాలోనూ అదే చిక్కు. అడవిలో పట్టినదాన్ని "ఇంట్లో పుట్టింది" అనే మాట కింద అమ్మితే కనిపెట్టేదెవరు? ఇక్కడే సాటి సరదాదారు దగ్గర తెచ్చుకోవడంలోని అసలు బలం ఉంది. అంగడివానికి తన సరుకు ఎక్కడిదో తెలియకపోవచ్చు, తెలిసినా చెప్పకపోవచ్చు. ఇంట్లో పెంచినవాడు తల్లిని చూపించగలడు, గుడ్లు పెట్టిన తేదీ నోటుబుక్కులో చూపించగలడు, తోడపుట్టిన పిల్లలను చూపించగలడు. చూపించలేనివాడి దగ్గర కొనకూడదు. నా లెక్కలో ఇది నమ్మకం మీద వదిలేసే విషయం కాదు. అడిగి, చూసి, రాయించుకునే విషయం.

2019 ఆగస్టులో జెనీవాలో జరిగిన సైటీస్ మహాసభలో మన నీలం సాలీడు జాతికి చెందిన సాలీళ్లన్నిటినీ రెండవ పట్టికలో చేర్చినారు. అంటే దేశం దాటాలంటే అనుమతిపత్రం ఉండాలి. అదే సభలో మన రాయలసీమ చిట్టడవుల్లో తిరిగే నక్షత్ర తాబేలును మొదటి పట్టికకు ఎక్కించినారు. అడవిలో పట్టిన నక్షత్ర తాబేళ్ల అంతర్జాతీయ వ్యాపారానికి అట్లా తలుపు మూసినారు. మన దేశంలో 2022లో వన్యప్రాణి చట్టాన్ని సవరించి, సైటీస్ పట్టికల్లోని జీవులను కూడా దాని పరిధిలోకి తెచ్చినారు. 2023 ఏప్రిల్ 1 నుంచి అది అమలులోకి వచ్చింది. చట్టం వచ్చింది, సంతోషం. 2001లో సాలీడు మళ్లీ దొరికింది, 2019లో పట్టికకెక్కింది. మధ్యలో పద్దెనిమిదేళ్లు. గుర్రాలు పోయిన తరువాత సాలకు తాళం వేసినట్టయింది.

రెండవ షరతు అప్పు సంగతి. మా వాదనలో ఒక సీనియర్ మిత్రుడు గట్టిగా పట్టుకున్న మాట ఇది. "మొదటి జత దొంగసొత్తు అయినప్పుడు వాటి పిల్లలు, ఆ పిల్లల పిల్లలు దొంగసొత్తు కాకుండా ఎట్ల పోతాయి? దొంగిలించిన ఆవుకు పుట్టిన దూడ ఎవరిది?" అన్నాడు. నేను రెండు రోజులు సమాధానం చెప్పలేకపోయినాను. చట్టం ప్రకారం కూడా అతని మాటకు బలం ఉంది. 1992 జీవవైవిధ్య ఒప్పందం ఏ దేశపు జీవసంపద మీద ఆ దేశానికే హక్కు అని ఒప్పుకుంది. 2002లో మన పార్లమెంటు చేసిన జీవవైవిధ్య చట్టం ఆ సంపదతో లాభపడేవాడు దాన్ని కాపాడినవాళ్లకు వాటా ఇవ్వాలంటుంది.

నా సమాధానం ఇది. అమెరికాలో ఈరోజు ఒక పిల్లను పెంచుకుంటున్న కుర్రవాడిని దొంగ అనడం న్యాయం కాదు. వాడు పుట్టకముందు ఎవడో చేసిన పని అది. ఆ దూడలన్నిటినీ వెనక్కి తోలుకురావడం కూడా కుదిరే పని కాదు. అవి కొద్ది తల్లుల సంతానం. తమలో తామే జతకట్టి తరాలు గడిచినాయి. ఏ రోగం మోస్తున్నాయో, ఏ ఇతర జాతితో కలిసినాయో తెలియకుండా నల్లమలలో వదిలితే మేలుకు బదులు కీడు జరుగుతుంది. కాని అప్పు మాత్రం అప్పే. దొంగ అనిపించుకోకపోయినా బాకీదారు అనిపించుకోక తప్పదు. ఆ జీవి పేరులో గుత్తి పెట్టుకుని, ఆ నీలం చూసి ముచ్చటపడే ప్రతివాడూ నంద్యాల గిద్దలూరు అడవికి బాకీ. ఆ సంఘాలు తమలో తాము ఇచ్చిపుచ్చుకునే సొమ్ములో ఒక చిన్న వాటా నల్లమలలో పరిశోధనకో, కాపలాకో, చెట్టు చెట్టూ తెలిసిన చెంచు యువకుల జీతానికో పంపితే ఆ అప్పు తీరడం మొదలవుతుంది. అడగవలసింది మనం. మనమేమో ఆ సాలీడు మనదని కూడా తెలియకుండా ఉన్నాం.

మూడవ షరతు అన్నిటికన్నా ముఖ్యం. ఇళ్లలో లక్ష పుట్టినంత మాత్రాన అడవిలో ఒకటి కూడా పెరగదు. గాజుపెట్టె అడవికి బదులు కాదు. ఇక్కడ కడప జిల్లా కలివికోడి కథ గుర్తు చేస్తాను. 1900 తరువాత అంతరించిందనుకున్న ఆ పక్షి 1986లో సిద్ధవటం ప్రాంతంలోని ముళ్లపొదల్లో, స్థానికుల సాయంతో మళ్లీ కనబడింది. ప్రపంచమంతా మన కడప వైపు చూసింది. లంకమల అభయారణ్యం ఏర్పడింది. ఆ పక్షిని ఎవరూ పట్టి అమ్మలేదు, ఎవరి ఇంట్లో పంజరంలోనూ లేదు. అయినా అది కరువైపోయింది. కారణం పొదలు పోవడం. తెలుగుగంగ కాలువ తవ్వకం దాని పొదల్లోకి వచ్చినప్పుడు కాలువ దారిని మార్చవలసి వచ్చింది. సీమకు కాలువ వద్దనేవాడు ఎవడూ లేడు. మార్చిన దారిలోనూ నీళ్లు పారుతాయి. పోయిన పొద మాత్రం తిరిగి రాదు.

నీలం సాలీడుకు పట్టేవాడు ఒక శత్రువైతే గొడ్డలి ఇంకో శత్రువు. రెండోవాడే పెద్దవాడు కావచ్చు. అందుచేత "మేము అడవిది కొనము, ఇంట్లో పుట్టినవే కొంటాము" అని చెప్పి చేతులు దులుపుకుంటే సగం పనే అయినట్టు.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. మా రూమ్మేట్ అన్నాడు: "పురుగు కోసం ఇంత బాధ ఎందుకప్పా? కుడితే మనిషి పోతాడు. పోతే పోయింది." మొదటి విషయం, ఈ సాలీడు కరిస్తే విపరీతమైన నొప్పి, కండరాలు పట్టేయడం ఉంటుంది గాని దాని కాటుకు మనిషి చనిపోయిన దాఖలా లేదు. అంతమాత్రాన చేత్తో పట్టుకోమని నేను చెప్పడం లేదు. రెండవ విషయం, దాని జోలికి పోతే గదా అది మన జోలికి వచ్చేది! పగలంతా తొర్రలో ఉండి, రాత్రిపూట పురుగులు తిని బతికే జీవి. నూరేళ్లు మన పక్కనే ఉండి మన కంటపడలేదు. అంతకంటే మంచి ఇరుగుపొరుగు ఎవరికి దొరుకుతుంది?

ఇంకొకటి కూడా ఉంది. అడవిలో పట్టే వ్యాపారంలో చివరికి నష్టపోయేది ఎవడు? 2015 ఏప్రిల్ 7న శేషాచలంలో కాల్పులు జరిగి ఇరవై మంది కూలీలు చచ్చిపోయినారు. ఎర్రచందనం కొనేవాడు అక్కడ లేడు. అమ్మేవాడూ అక్కడ లేడు. కూలికి వచ్చినవాళ్లే ఉన్నారు. సాలీడుకూ దుంగకూ పోలికా అంటారేమో. సరుకు వేరు గాని వరుస అదే. కొనేవాడు దూరదేశంలో, లాభం మధ్యవాడికి, చెరసాల మన పల్లెలో పిల్లవాడికి. ఎవడైనా ఫోటో పట్టుకుని వచ్చి, ఇలాంటిది పట్టిస్తే ఇంత ఇస్తానంటే, నల్లమల అంచు ఊళ్ల నుంచి వచ్చిన మన విద్యార్థి మిత్రులు ఈ వరుసను తలుచుకోవాలి.

ఇంతవరకు అమెరికావాడికి నీతులు చెప్పినాను. మన సంగతి? నా హాస్టలు గదిలో ఒక చిన్న చేపలతొట్టె ఉంది. అందులో గప్పీలు. మొదటి జత కర్నూలులో మా మిత్రుని ఇంట్లో పుట్టినవి, సీసాలో పెట్టి ఇచ్చినాడు. ఇప్పుడు మా అంతస్తులో నాలుగు గదుల్లో వాటి సంతానమే ఉంది. ఇది మా జేజి గులాబి లెక్క. ఇందులో ఏ ఏటికీ, ఏ చెరువుకూ నష్టం లేదు. ఒక్క షరతు, విసుగొచ్చినప్పుడు వాటిని కె.సి. కాలువలో పారబోయకూడదు. అవి అక్కడి చేపలు కావు.

అంగళ్లలో కనబడే మంచినీటి రంగుచేపలు చాలామటుకు ఇట్లా పెంపకంలో పుట్టినవే. ఉప్పునీటి చేపల సంగతి వేరు. మెరిసిపోయే ఆ సముద్రపు చేపల్లో ఎక్కువభాగం ఇప్పటికీ సముద్రంలో వలవేసి పట్టినవే. మన దేశంలోని సముద్ర చేపల పరిశోధకులు నారింజరంగు క్లౌన్ చేపల్ని తొట్టెల్లో గుడ్లు పెట్టించి పెంచడం సాధించినారు. తక్కిన చాలా రకాలకు ఆ విద్య ఇంకా పూర్తిగా పట్టుబడలేదు. అందుచేత ఉప్పునీటి తొట్టె ముచ్చట ఉన్నవాడు అంగడివాణ్ణి ఒకటికి రెండుసార్లు అడగాలి.

ఇక మన ఇళ్లలో రామచిలుక. ఎంతమంది ఇళ్ల వసారాలో వేలాడుతుందో ఎవరి గుండె మీద వాళ్లు చేయి వేసుకుని చెప్పాలి. అది ఇంట్లో పుట్టింది కాదు. ఏ చెట్టు తొర్రలోనో రెక్కలు రాని పిల్లగా ఉన్నప్పుడు లాక్కొచ్చింది. చట్టం ఒప్పుకోదని మనకు తెలుసు. అయినా "పాపం, బాగా చూసుకుంటున్నాం" అంటాం. అదృష్టం కలిసొస్తుందని నక్షత్ర తాబేలును బియ్యపు డబ్బాలోనో, నీళ్లతొట్టిలోనో ఉంచేవాళ్లను చూసినాను. ఎండిన నేల మీద గడ్డి తిని బతికే తాబేలును నీళ్లలో వేస్తే ఏమవుతుంది? వీటికి ఇంట్లో పుట్టినవి తెచ్చుకుంటామనే సాకు కూడా మన దేశంలో చెల్లదు. చట్టప్రకారం అవి ఎవరి ఇంట్లోనూ ఉండకూడదు.

అమెరికాలోని ఆ తెల్లాయనకు ఉన్న పాటి పట్టింపు మనకు ఉందా అన్నది నన్ను బాధించే ప్రశ్న. ఆయన తన సాలీడు ఎక్కడ పుట్టిందో చెప్పగలిగినాడు. మన వసారాలోని చిలుక ఎక్కడ పుట్టిందో మనం చెప్పగలమా?

చివరిగా ఒక మనవి. ఈ యేడాది మన జువాలజీ విద్యార్థులు విజ్ఞానయాత్ర అంటే మళ్లీ ఊటీకో, మైసూరుకో అనకుండా, అటవీశాఖ అనుమతి తీసుకుని నంద్యాల గిద్దలూరు దారిలో నల్లమల చూడడానికి పోవాలి. ఏదీ పట్టడానికి కాదు. సీసాలో వేసి మ్యూజియంలో పెట్టడానికి అంతకన్నా కాదు. చూసి, రాసుకుని రావడానికి. సాలీడు కనబడకపోవచ్చు. రాత్రి జీవి, అందులోనూ బిడియస్థురాలు. దాని తొర్రచెట్లు ఇంకా నిలబడి ఉన్నాయో లేదో చూసి వచ్చినా చాలు. ఎన్ని ఉన్నాయో లెక్క రాసి వచ్చే ఏడు ఈ సంచికలో అచ్చువేద్దాం. మన కాలేజీ దగ్గర ఆ లెక్క ఉంటే, రేపు ఎవడైనా ఆ చెట్లు కొట్టబోయినప్పుడు అడ్డం చెప్పడానికి మన చేతిలో ఒక కాగితం ఉంటుంది.

మా అన్నకు నేనొక పని అప్పజెప్పినాను. ఆ తెల్లాయనకు నా తరఫున రెండు మాటలు చెప్పమన్నాను. ఒకటి, ఇంట్లో పుట్టినదాన్ని తెచ్చుకుని మంచిపని చేసినాడని. రెండు, ఆయన పెట్టెలోని నీలం మా అడవికి బాకీ ఉందని.

"ఆయన ఏమన్నాడు న్నా?" అని అడిగినాను.

"కొంచెంసేపు ఏమీ మాట్లాడలేదు రా. తరువాత, ఆ అడవి ఇప్పుడు ఎట్లుంది అని అడిగినాడు. నాకు తెలీదు, మా తమ్మున్ని కనుక్కుంటాను అని చెప్పినా" అన్నాడు మా అన్న.

ఆ ప్రశ్నకు జవాబు నా దగ్గర ఇంకా లేదు. అందుకే ఆ యాత్ర సంగతి రాసినాను. ఎవరెవరు వస్తారో మా డిపార్టుమెంటు నోటీసు బోర్డు మీద పేర్లు రాయండి.